వాటర్ టిన్నుతో ఊపిరి కొలవడం: కూర్చున్నప్పుడు ఎంత, మెట్లెక్కాక ఎంత

నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నామో లెక్కపెట్టడానికి వాచీ ఉంటే చాలు. ఒక్కో ఊపిరికి ఎంత గాలి లోపలికి వెళ్తోందో మాత్రం చాలామంది ఎప్పుడూ కొలిచి ఉండరు. ఆ రెండో అంకె లేకపోతే మొదటి అంకెతో తేలేది తక్కువ. నిమిషానికి ముప్పైసార్లు రొప్పేవాడికి, ఆరుసార్లు నింపాదిగా తీసేవాడికంటే తక్కువ గాలి అందుతూ ఉండొచ్చు. ఆ లెక్క కూడా వేసి చూద్దాం.

ఇందుకు ల్యాబు అక్కర్లేదు. అయిదు లీటర్ల వాటర్ టిన్ను, ఒక టబ్బు, గజం పైపు, ఊదేవాళ్ళొకరు, పట్టుకునేవాళ్ళొకరు ఉంటే సరిపోతుంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలు శ్వాసవ్యవస్థ పాఠంలో అంకెలు బట్టీ పడతారు కదా, ఆ అంకెల్ని సొంత ఒంటి మీద ఒక పూటలో తేల్చుకోవచ్చు. పరికరం సూత్రం కొత్తదేమీ కాదు. జాన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ సర్జన్ నీళ్ళలో తేలే గంట ఆకారపు పాత్రతో రెండు వేల మందికి పైగా కొలిచి, 1846లో ఆ వివరాలు ప్రచురించాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది ఆ మరుసటేడే, 1847లో. అంటే ఈ కొలత మన కాలువలకంటే ఒక మెట్టు పాతది.

ఏమేమి కొలుస్తాం

మామూలుగా కూర్చుని తీసే ఒక ఊపిరిలో గాలి సుమారు 500 మి.లీ. దీన్ని టైడల్ వాల్యూమ్ అంటారు. అలా మామూలుగా పీల్చాక, ఆపకుండా ఇంకా బలంగా లాగితే మరో 2500 నుంచి 3000 మి.లీ. పడుతుంది. మామూలుగా వదిలాక ఇంకా గట్టిగా ఊదితే 1000 నుంచి 1100 మి.లీ. వస్తుంది. ఈ రెండూ నిల్వలు, పైది పీల్చే నిల్వ, కిందది వదిలే నిల్వ. మూడూ కలిపితే వైటల్ కెపాసిటీ, అంటే గుండెల నిండా పీల్చి పూర్తిగా ఊదితే బయటికొచ్చే మొత్తం గాలి. ఎంత ఊదినా బయటికి రాకుండా లోపలే ఉండిపోయేది 1100 నుంచి 1200 మి.లీ. దాన్ని రెసిడ్యువల్ వాల్యూమ్ అంటారు. అది లేకపోతే గాలి గదులు ముడుచుకుని అతుక్కుపోతాయి. టిన్నుతో దాన్ని కొలవలేం. అది ఎన్నడూ బయటికి రాదు కాబట్టి హీలియం వాయువు కలిపి పీల్పించో, మనిషిని గాలి చొరని గదిలాంటి పెట్టెలో కూర్చోబెట్టో పెద్దాసుపత్రుల్లో లెక్కగడతారు.

పై అంకెలు పాఠ్యపుస్తకాల్లోవి. మీకు అంతకంటే తక్కువ వస్తే కంగారు పడొద్దు. దక్షిణ భారతీయుల కొలతలు యూరప్ వాళ్ళ పట్టికలకంటే తక్కువగానే ఉంటాయి. ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే నాలుగో వంతు దాకా తక్కువ. వైటల్ కెపాసిటీ మన కుర్రాళ్ళకు మూడు నుంచి నాలుగు లీటర్లు, అమ్మాయిలకు రెండు నుంచి మూడు లీటర్లు రావడం మామూలే. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఎత్తు. అయిదడుగులు దాటాక ప్రతి అంగుళం ఎత్తుకూ ఎనిమిది ఘనపు అంగుళాలు, అంటే సుమారు 130 మి.లీ. పెరుగుతుందని హచిన్సనే తేల్చాడు.

ఎవరు ఊదకూడదు

ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, కంటికో కడుపుకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళెలో రక్తం పడేవాళ్ళు, టీబీ మందులు వాడుతున్నవాళ్ళు, ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు. ఆస్తమా, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, నలభై దాటి చాలాకాలంగా వ్యాయామం లేనివాళ్ళు డాక్టరునడక్కుండా మెట్ల పరీక్ష చేయొద్దు. మరో సంగతి: వరసగా నాలుగైదుసార్లు గట్టిగా ఊదితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకుంటే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. అందుకే ఒక్కో ఊదుకీ మధ్య కనీసం రెండు నిమిషాల విరామం ఇవ్వాలి.

సామాను

టిన్ను పారదర్శకంగా, కాస్త దళసరిగా ఉండాలి. మరీ పల్చటి ప్లాస్టిక్ అయితే నీళ్ళతో బోర్లించగానే పక్కలు లోపలికి సొట్టపడి కొలత తప్పుతుంది. ఇరవై లీటర్ల టిన్నుకు ఆశపడొద్దు. నిండుగా అది ఇరవై కిలోలు, బోర్లించేసరికి నడుం పట్టేస్తుంది.

పైపు ముప్పావు అంగుళం వెడల్పుండాలి, మొక్కలకు నీళ్ళు పట్టే ఆకుపచ్చ పైపు లాంటిది. సన్నటి అక్వేరియం గొట్టంతో ఊదితే బుగ్గలు నొప్పి పుడతాయి తప్ప ఊపిరి కొలవడం జరగదు. పైపు కొత్తది కొనండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, చేలో మందు కొట్టే స్ప్రేయర్ పైపు ముక్క ఇంట్లో పడి ఉంది కదా అని నోట్లో పెట్టుకోవద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే.

నోట్లో పెట్టుకునే ముక్క ఎవరిది వాళ్ళకే. పైపులో బిగుతుగా పట్టే పీవీసీ ముక్కలు రెండంగుళాల చొప్పున తెగ్గోయించి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, సబ్బుతో కడిగి మనిషికొకటి ఇవ్వండి. ఈ పైపులోంచి గాలి పీల్చడం అన్నది ఎప్పుడూ జరగకూడదు, వదలడమే. మనిషి మారినప్పుడల్లా పైపును సబ్బునీళ్ళతో, ఆ తర్వాత మంచినీళ్ళతో కడగండి.

నీళ్ళు కుళాయివి వాడండి. కాలువ నీళ్ళు వద్దు, ముఖ్యంగా వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చేటప్పుడు. శుభ్రత ఒక్కటే కారణం కాదు, టిన్ను మీద గీతలే కనపడవు.

టిన్నుకు గీతలు

ఖాళీ టిన్నును నిటారుగా బల్ల మీద పెట్టండి. 250 మి.లీ. చొప్పున నీళ్ళు పోస్తూ, పోసిన ప్రతిసారీ మట్టం దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. కొలగ్లాసు లేకపోతే వంటింటి డిజిటల్ కాటా చాలు, 250 గ్రాముల నీళ్ళంటే 250 మి.లీ. మెడ దాకా గీతలు పూర్తిచేసి 1, 2, 3, 4 లీటర్ల దగ్గర అంకెలు వేయండి. అంకెలు తలకిందులుగా రాయాలి, ఎందుకంటే చదివేది టిన్ను బోర్లించాక.

నిటారుగా ఉన్నప్పుడు గీసిన గీతలు బోర్లించాక పనికొస్తాయా అని అడుగుతారు. వస్తాయి. ఒక లీటరు గీతకూ టిన్ను అడుగుకూ మధ్య చోటు ఒక లీటరు. బోర్లించాక అడుగు పైకొస్తుంది, ఊదిన గాలి అక్కడే చేరుతుంది. ఆ చోటు మారదు.

బోర్లించడం

టబ్బు సగం దాకానే నింపండి. టిన్నులోంచి నాలుగు లీటర్ల నీళ్ళు దిగివస్తాయి, ముందే నిండుగా పెడితే గదంతా తడుస్తుంది. ఆరుబయట చేసుకుంటే ఈ బాధ ఉండదు. టబ్బు అడుగున రెండు ఇటుక ముక్కలు కాస్త ఎడంగా పెట్టండి. టిన్నును అంచుదాకా నింపి, అరచేత్తో మూతి మూసి, చటుక్కున బోర్లించి, మూతి నీళ్ళలో మునిగాక చెయ్యి తీయండి. నీళ్ళు టిన్నులోనే నిలుస్తాయి. మూతిని ఇటుకల మీద ఆనించి, మధ్య సందులోంచి పైపు కొసను మూతిలోకి పంపండి. పైపు పక్కన కాస్త ఖాళీ ఉండాలి, గాలి లోపలికి వెళ్తుంటే నీళ్ళు బయటికొచ్చే దారి అదే.

పైపు కొస ఎక్కడుండాలన్నది ఈ మొత్తం పనిలో అసలు కిటుకు. టబ్బులో నీటి మట్టం కంటే బాగా కిందుంటే ఊదడం బరువవుతుంది, పది సెంటీమీటర్ల లోతుంటే ఆ పది సెంటీమీటర్ల నీటినీ మీ ఛాతీ తోయాలి. మట్టం కంటే పైకి పోనిస్తే టిన్నే గాలిని లాగేసుకుంటుంది, మీరు ఊదకుండానే బుడగలొస్తాయి. మట్టానికి రెండు మూడు సెంటీమీటర్లు కింద ఉంచితే సరిగ్గా కుదురుతుంది. మొదట చిన్నగా ఊది పైపులో ఉన్న నీళ్ళను తోసేసి, బొటనవేలితో పైపు మూసేయండి. టిన్ను పైభాగంలో ఆ కాస్త గాలి ఏ మట్టానికి చేరిందో చూసి రాసుకోండి. మీ సున్నా అది.

కూర్చుని కొలవడం

అన్నం తిన్న రెండు గంటల దాకా వద్దు. నిండిన పొట్ట డయాఫ్రంను, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొరను, కిందికి దిగనివ్వదు. బెల్టు, లుంగీ ముడి, చీర కుచ్చిళ్ళ దగ్గర బిగింపు కాస్త వదులు చేసుకోండి. వెన్ను వాల్చకుండా కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలు ఊరికే ఉండండి.

మొదటిది, ఊపిరి సంఖ్య. ఇది మనిషికి తెలియకుండా లెక్కపెట్టాలి. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా" అనగానే ఎవరికైనా లయ మారిపోతుంది. నర్సులు చేసే పనే చేయండి, మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ పొట్ట కదలికలు ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు 12 నుంచి 16 మామూలు, 20 దాకా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

రెండోది, టైడల్ వాల్యూమ్. పీవీసీ ముక్క చుట్టూ పెదాలు బిగించి, ముక్కుతో పీల్చి, ముక్కు రెండు వేళ్ళతో మూసి పైపులోకి వదలాలి. పీల్చేటప్పుడు నాలుకతో ముక్క మూస్తే నీళ్ళు పైపులోకి ఎక్కవు. ఊదకూడదు, వదిలేయాలంతే. ఇలా అయిదుసార్లు చేసి టిన్నులో చేరిన మొత్తాన్ని అయిదుతో భాగించండి. ఒకే ఊపిరి కొలిస్తే 250 మి.లీ. గీతల మధ్య అందాజు తప్పదు. మొదటిసారి దాదాపు అందరికీ ఎక్కువే వస్తుంది. నోట్లో ఏదో పెట్టి ముక్కు మూస్తే మనిషి తెలియకుండానే లోతుగా పీలుస్తాడు. పక్కన ఎవరితోనైనా కబుర్లు చెప్పిస్తూ రెండు మూడు విడతలు చేశాక వచ్చే అంకె నమ్మదగ్గది.

మూడోది, వదిలే నిల్వ. మామూలుగా పీల్చి మామూలుగా గాల్లోకి వదిలి, అక్కడ ఆగి, మిగిలినదంతా పైపులోకి ఊదాలి. పిల్లలు ఆ ఆగిన చోట అలవాటుగా మళ్ళీ పీల్చేస్తారు. అలా చేస్తే ఆ కొలత కొట్టేయండి.

నాలుగోది, వైటల్ కెపాసిటీ. గుండెల నిండా, ఇంక పట్టదన్నంత దాకా పీల్చి, తొందర లేకుండా ఆఖరి బొట్టు దాకా ఊదాలి. ఇక్కడ పక్కనున్నవాళ్ళ పాత్ర పెద్దది. మొదటి మూడు నాలుగు సెకన్లు బుడగలు దడదడమని వస్తాయి, టిన్నులో మట్టం చూస్తుండగా దిగిపోతుంది. తర్వాత బుడగలు పల్చబడతాయి, మనిషి కళ్ళతోనే "అయిపోయిందండి" అంటాడు. అవలేదు. అక్కడ "ఇంకా ఉందండి, ఊదండి, ఊదండి, ఆయ్, అంతే" అని వెంటపడితే భుజాలు ముందుకు వంగి, పొట్ట వెన్నుకంటుకుని, ఒక్కొక్క బుడగా మెల్లగా లేస్తూ ఇంకో గ్లాసెడు గాలి బయటికొస్తుంది. ఆ ఆఖరి గ్లాసు రాకుండా రాసుకున్న అంకె వైటల్ కెపాసిటీ కాదు. మూడుసార్లు ఊదించి పెద్ద అంకె తీసుకోండి. అన్నిటికంటే పెద్దవి రెండూ 150 మి.లీ. లోపు తేడాతో ఉండాలన్నది ఆసుపత్రుల్లో పాటించే నియమం. మన గీతలకు ఒక గీత తేడా దాకా సర్దుకోవచ్చు.

పీల్చే నిల్వ నేరుగా కొలవనక్కర్లేదు. వైటల్ కెపాసిటీలోంచి మిగతా రెండూ తీసేయండి. ఉదాహరణకు 3.5 లీటర్ల వైటల్ కెపాసిటీలో టైడల్ 0.45, వదిలే నిల్వ 0.9 అయితే పీల్చే నిల్వ 2.15 లీటర్లు.

వేడి సవరణ

ఒంట్లో గాలి 37 డిగ్రీల వేడితో, నిండా తేమతో ఉంటుంది. టిన్నులోకొచ్చి చల్లబడగానే కాస్త కుంచించుకుపోతుంది. అందుకని టబ్బు నీళ్ళు 30 డిగ్రీలుంటే వచ్చిన అంకెను 1.045తో, 25 డిగ్రీలైతే 1.075తో, 20 డిగ్రీలైతే 1.10తో గుణించాలి. సంక్రాంతి చలిలో కొలిచిందీ మే నెలలో కొలిచిందీ పక్కపక్కన పెట్టి "పెరిగింది" అనుకునేవాళ్ళు ముందు ఈ గుణకారం చేయాలి. ఇంకో చిన్న సవరణ ఉంది. చదివే వేళకు టిన్ను లోపలి నీళ్ళు టబ్బు మట్టం కంటే పది సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే అంకె ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. నేనైతే దాన్ని పట్టించుకోను. ఊదిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా నీళ్ళలో కరుగుతుంది కాబట్టి అంకె మాత్రం వెంటనే చదవండి.

ఎన్నిసార్లు, ఎంత: ఆ లెక్క

ఊపిరి సంఖ్యను టైడల్ వాల్యూమ్‌తో గుణిస్తే నిమిషానికి ఎంత గాలి ఆడుతోందో వస్తుంది. 12 సార్లు, అర లీటరు చొప్పున, 6 లీటర్లు. కానీ ఆ గాలంతా పనికొచ్చేది కాదు. ముక్కు నుంచి శ్వాసనాళాల చివరి దాకా ఉన్న దారిలో సుమారు 150 మి.లీ. గాలి రక్తాన్ని తాకకుండానే వెనక్కి వచ్చేస్తుంది. తూము ఎత్తిన ప్రతిసారీ ముందు బోదె తడవాలి, ఆ తర్వాతే చేలోకి నీరు. మాటిమాటికీ ఎత్తి దించేస్తే నీళ్ళన్నీ బోదెకే సరి, శివారు చేను ఎండుతుంది. ఊపిరిలోనూ అదే జరుగుతుంది.

మూడు రకాలుగా 6 లీటర్లు తీసుకుందాం. 12 సార్లు 500 చొప్పున తీస్తే ఒక్కోదాంట్లో 350 లోపలికి చేరుతుంది, నిమిషానికి 4.2 లీటర్లు. 6 సార్లు 1000 చొప్పున తీస్తే 850 చేరుతుంది, 5.1 లీటర్లు. 30 సార్లు 200 చొప్పున పైపైన తీస్తే 50 మాత్రమే చేరుతుంది, ఒకటిన్నర లీటరు. పైకి చూస్తే మూడూ ఆరు లీటర్లే. టెన్షన్‌లోనో ఆయాసంలోనో పైపైన రొప్పేవాళ్ళకు "నెమ్మదిగా, లోతుగా తీసుకో" అని పెద్దవాళ్ళు చెప్పేదానికి లెక్క ఇది.

మెట్ల పరీక్ష

మన డెల్టాలో ఎక్కడానికి కొండ దొరకదు. ఏటిగట్టు ఏటవాలో, వంతెన అప్రోచో, రేవు మెట్లో ఉంటాయి. కొలతకు అవేవీ వద్దు, ఇంటి అరుగు మెట్టు మేలు. ఎత్తు 20 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉండి, కదలకుండా, జారకుండా ఉండాలి. రోహిణీ కార్తె ఎండల్లో, ఉక్కపోత మధ్యాహ్నాల్లో ఈ పని పెట్టుకోవద్దు. తెల్లవారుజామున చేయండి.

ఫోన్లో మెట్రోనోమ్, అంటే లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే యాప్, పెట్టుకోండి. నాలుగు టిక్కులకు ఒక చుట్టు: కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడి కిందికి, ఎడమ కిందికి. మూడు దశలు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. మొదటి దశలో నిమిషానికి 60 టిక్కులు, రెండోదాంట్లో 88, మూడోదాంట్లో 120. ప్రతి దశ తర్వాత ఊపిరి మామూలయ్యేదాకా విశ్రాంతి. ఛాతీలో నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, పిల్లికూతలు వస్తే ఆ క్షణమే ఆపేయాలి.

ఎక్కుతూ ఉండగా ఊపిరి లెక్కపెట్టడం కంటికి కష్టం. పక్కనుంచి పొట్టా భుజమూ కనపడేలా ఫోన్లో వీడియో తీసి, ప్రతి దశలో ఆఖరి అర నిమిషం మెల్లగా చూసి లెక్కపెట్టండి, రెట్టింపు చేయండి. టైడల్ వాల్యూమ్ కోసం టబ్బు మెట్టు పక్కనే ఉండాలి. ఆగీ ఆగగానే, ముక్కు మూసి, రెండు ఊపిరులు పైపులోకి వదలాలి. పీల్చేటప్పుడు నోరు పక్కకు తిప్పి పీల్చి, వదిలేటప్పుడు పీవీసీ ముక్కకు పెట్టాలి. సాయం ఉన్నవాళ్ళు ఆ మధ్యలో వేలితో పైపు మూస్తుండాలి. ఇది కూర్చుని ముందే సాధన చేయకపోతే ఆయాసంలో కుదరదు. పదిహేను సెకన్లలోపు అయిపోవాలి, ఎందుకంటే కాళ్ళు ఆగిన మరుక్షణం ఊపిరి ఒక్కసారిగా కొంత తగ్గుతుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. కాబట్టి మీకొచ్చే అంకె అసలుకంటే కాస్త తక్కువేనని గుర్తుంచుకోండి.

3.5 లీటర్ల వైటల్ కెపాసిటీ ఉన్న మనిషికి అంకెలు ఇలా ఉంటాయనుకుందాం:

విశ్రాంతిలో: 14 సార్లు × 0.45 లీ. = 6.3 లీ.
మొదటి దశ: 20 × 0.9 = 18 లీ.
రెండో దశ: 26 × 1.4 = 36.4 లీ.
మూడో దశ: 34 × 1.7 = 57.8 లీ.

మొదటి రెండు దశల్లో ఊపిరి లోతు మూడింతలైంది, సంఖ్య రెండింతలు కూడా కాలేదు. శరీరం ముందు లోతునే వాడుకుంటుంది, బోదె లెక్క దానికి మనకంటే ముందే తెలుసు. టైడల్ వాల్యూమ్ వైటల్ కెపాసిటీలో సగం, అరవై శాతం దాకా వచ్చాక ఇక పెద్దగా పెరగదు. అంతకుమించి సాగదీయాలంటే ఛాతీ బిగుసుకుంటుంది, ఆ కండరాలకే ఎక్కువ శ్రమ. అక్కడినుంచి పెరిగేది సంఖ్యే. లోతు పెరిగేటప్పుడు ఎక్కువ భాగం పీల్చే నిల్వలోంచి, కొంత వదిలే నిల్వలోంచి వస్తుంది. కూర్చున్నప్పుడు గాలి వదలడానికి కండరాల పని అక్కర్లేదు, సాగిన ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి. మెట్లెక్కేటప్పుడు పొట్ట కండరాలు నొక్కి మరీ గాలిని తోస్తాయి, వీడియోలో అది స్పష్టంగా కనిపిస్తుంది. నిమిషానికి 35, 40 లీటర్ల దగ్గర చాలామందికి ముక్కు చాలక నోరు తెరుచుకుంటుంది. అది ఏ దశలో జరిగిందో కూడా రాసుకోండి.

ఎందుకు పెరుగుతుంది

ఆక్సిజన్ తగ్గిపోయి ఆయాసం వస్తుందన్నది చాలామంది నమ్మకం. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే పరీక్షించండి. మూడో దశ అవగానే వేలు కదపకుండా పెట్టి చూస్తే, ఆరోగ్యవంతుడికి అంకె ముందున్న దగ్గరే, లేదా ఒకటి తక్కువగా ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోలేదు, పడిపోకుండా ఊపిరి ముందే సర్దుకుంది. "రెడీ, మొదలుపెట్టు" అనగానే ఇంకా కాలు ఎత్తకముందే ఊపిరి పెరగడం వీడియోలో కనపడొచ్చు. కాళ్ళను కదపమని ఆజ్ఞ ఇచ్చే మెదడే శ్వాసకేంద్రానికీ కబురు పెడుతుంది. కదిలే కండరాలు, కీళ్ళ నుంచి కూడా సంకేతాలు వెళ్తాయి. ఆ తర్వాత రక్తంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత్వం ఏమాత్రం మారినా మెదడులోనూ మెడ దగ్గర కెరోటిడ్ ధమనుల్లోనూ ఉన్న గ్రాహకాలు పట్టేసి ఊపిరిని సరిచేస్తాయి. శ్రమ ఒక హద్దు దాటితే కండరాల్లో లాక్టేట్‌తోపాటు ఆమ్లం పెరుగుతుంది, దాన్ని సర్దడంలో అదనపు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఊపిరి శ్రమకు మించి పరుగెడుతుంది. ఆ హద్దును మాటతో పట్టుకోవచ్చు. నాలుగు కొబ్బరి చెట్లు వరసగా ఎక్కి దిగిన దింపు కార్మికుణ్ణి కాయలెన్ని పడ్డాయని అడగండి. "నూట... ఇరవై... ఉంటాయండి" అని ముక్కలు ముక్కలుగా చెబితే హద్దు దాటినట్టు, ఒకే ఊపిరిలో చెబితే ఇంకా ఇవతలే ఉన్నట్టు.

చెడుగుడు కూత దీనికి ఇంకో మంచి పరీక్ష, పరికరమే అక్కర్లేదు. కూర్చుని ఒకే ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" ఎన్ని సెకన్లు అనగలరో చూడండి. మూడో దశ అవగానే మళ్ళీ చూడండి. సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు. అంతలో ఛాతీ చిన్నదైపోయిందా? వైటల్ కెపాసిటీ కొలిచి చూడండి, దాదాపు అంతే ఉంటుంది. గాలి ఉంది, కానీ కండరాలు కార్బన్ డయాక్సైడ్‌ను వేగంగా పుట్టిస్తున్నాయి, అది పేరుకునేసరికి మెదడు "పీల్చు" అని బలవంతపెడుతుంది. పోటీ కబడ్డీలో రెయిడ్ గడువు 30 సెకన్లు. అవతలి గడి మీదికి పరుగు తీస్తూ, పట్టు విడిపించుకుంటూ అంతసేపు కూత తెగకుండా ఉంచడం ఎంత కష్టమో ఈ రెండు అంకెలు చూశాక తెలుస్తుంది.

టిన్ను చెప్పనివి

ఎంత గాలి వచ్చిందో టిన్ను చెప్తుంది, ఎంత వేగంగా వచ్చిందో చెప్పదు. ఆస్తమాలోనూ, లంక పొగాకు చుట్టలు ఏళ్ళతరబడి కాల్చినవాళ్ళకు వచ్చే జబ్బులోనూ ముందు దెబ్బతినేది వేగం. మొదటి సెకనులో ఎంత ఊదగలరు, మొత్తంలో అది ఎన్నో వంతు అని ఆసుపత్రిలో ఊపిరి కొలిచే యంత్రం, స్పైరోమీటర్, చూస్తుంది. ఆ వంతు 0.70 కంటే తగ్గితే గాలి దారులు ఇరుకయ్యాయని అనుమానిస్తారు. కాబట్టి టిన్నులో మంచి అంకె వచ్చిందని దగ్గునో ఆయాసాన్నో వదిలేయొద్దు. రైస్ మిల్లు ఊకలో, కొబ్బరి పీచు దుమ్ములో పనిచేసేవాళ్ళు, కోతల తర్వాత గడ్డి తగలబెట్టే పొగకి ఇబ్బంది పడేవాళ్ళు ఛాతీ డాక్టరు దగ్గర అసలు పరీక్షే చేయించుకోవాలి.

చాలా ఇళ్ళల్లో మూడు బంతుల పరికరం కూడా ఉంటుంది. దాని మీద 600, 900, 1200 అని రాసుంటుంది. మూడో బంతి లేస్తే 1200 మి.లీ. పీల్చినట్టు కాదు. అవి సెకనుకు ఇన్ని మి.లీ. చొప్పున లాగుతున్నారని చెప్పే వేగం అంకెలు. గుక్కున లాగినా బంతి లేస్తుంది. ఆపరేషన్ తర్వాత, జ్వరం తర్వాత ఊపిరితిత్తులు విప్పారడానికి అది మంచిదే, కొలతకు పనికిరాదు.

"ఊపిరితిత్తుల సామర్థ్యం రెట్టింపు" అని వీడియోలు తిరుగుతుంటాయి. పెరుగుదల ఆగిన మనిషికి వైటల్ కెపాసిటీ వ్యాయామంతో పెద్దగా పెరగదు. అయినా ఆరోగ్యవంతుల్లో పరుగుకు అడ్డుపడేది సాధారణంగా ఊపిరితిత్తులు కాదు. పైన 58 లీటర్ల దగ్గర ఆగినవాడు కూర్చుని కావాలని రొప్పితే నిమిషానికి వంద లీటర్లు ఆడించగలడు. ముందుగా హద్దు చేరేది గుండె పంపగలిగే రక్తం, దాన్ని వాడుకునే కండరం.

మారేది వేరే ఉంది. గట్టు మీద రోజూ అరగంట చొప్పున రెండు నెలలు వేగంగా నడిచాక, అదే మెట్టు, అదే టిక్కులు, అదే వేళ, అదే నీళ్ళ వేడి చూసుకుని పరీక్ష మళ్ళీ చేయండి. వైటల్ కెపాసిటీ గీత కదలకపోవచ్చు. మూడో దశ వరస చూడండి: అదే పనికి నిమిషానికి ఆడే గాలి తగ్గుతుంది, సంఖ్య తగ్గి లోతు నిలబడుతుంది, కూత సెకన్లు పెరుగుతాయి. పుస్తకంలో పాత తేదీ వరస కిందే కొత్త తేదీ వేసి ఈ మూడూ రాసుకోండి. వైటల్ కెపాసిటీకి వేరే పేజీ చాలు, ఏడాదికోసారి.